సుగుణమ్మ అడిగిన మట్టి

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు ఈ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయేది. పదిహేనేళ్ళు దాటినా అంతే. అన్నం తింటుంటే గుర్తొస్తుంది, ముద్ద దిగదు. వాక్యం చెబుతూ ఉంటే గుర్తొస్తుంది, ఆగి నీళ్ళ గ్లాసు అందుకుంటాను. అయ్యగారి గొంతు ఎండిపోయిందని జనం అనుకుంటారు.

నేను పాస్టరుని. సూర్యాపేటలో ఒక సంఘానికి కాపరిని. నా చెయ్యి తలమీద పెడితే మనుషులు నమ్మకంగా కళ్ళు మూసుకుంటారు. పసిపిల్లల్ని తెచ్చి ఆశీర్వదించమంటారు. ఆపరేషనుకు పోయేవాళ్ళు, పరీక్షకు పోయేవాళ్ళు, కొత్త ఇంట్లోకి పోయేవాళ్ళు, అందరూ ఆ చేతి కిందికి వస్తారు. అదే చెయ్యి ఒకరోజు ఒక పిల్ల తలమీద పెట్టి, ఆ పిల్ల చెప్పిన నిజాన్ని నలుగురి ముందు అబద్ధం చేశాను. ఇదీ నేను మోస్తున్నది. మిగతాదంతా ఎట్లా జరిగిందో చెప్పడమే.

మాది తిరుమలగిరి వైపు మెట్ట ఊరు. మా నాయన కూలి చేసేవాడు. పటేళ్ళ వాకిట్లోకి పోతే చెప్పులు చేతిలో పట్టుకుని ఒక పక్కన నిలబడేవాడు. పొద్దున లేవగానే ప్రార్థన చేసుకునేవాడు, రాత్రి పడుకునే ముందు చేసుకునేవాడు, అంతకు మించి ఆయనకు వాక్యం తెలియదు. దేవుడి కోసం ఆయన ఏదీ వదులుకోలేదు. వదులుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. అందుకని ఆయన విశ్వాసం తేలికైనదని నేను బైబిలు చదువుకునే రోజుల్లో అనుకున్నాను. ఏమీ లేనివాడి విశ్వాసానికి పరీక్ష, శోధన ఏముంటుంది అనుకున్నాను. ఎంత తెలివితక్కువ మాట. కష్టం ఎక్కడ మనిషిని దేవుడి దగ్గరనుంచి లాక్కుపోతుందోనని భయపడుతూ పెరిగాను. సుఖం లాక్కుపోతుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కానేమో.

మిర్యాలగూడలో నాకు మొదటి సంఘం దొరికింది. రైసు మిల్లుల వెనక సందులో కిరాయికి తీసుకున్న హాలు. కిటికీల మీద ఎప్పుడూ తవుడు దుమ్ము. నా భార్య సలోమిది కోదాడ. ఆమె ఆదివారం పొద్దున్నే వచ్చి ఆ దుమ్మంతా తుడిచి చాపలు పరిచేది. కూలీలు, హమాలీలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. అట్లాంటి చోటికి ఒక ఆదివారం సుగుణమ్మ వచ్చింది. ఇస్త్రీ చీర, చేతికి గడియారం. వెంట కూతురు మాధవి. లోపలికి రమ్మని సలోమి పిలిచినా రాకుండా, చెప్పులు విడిచిన చోట గడప పక్కనే కూర్చుంది.

ఆమెది నిడమనూరు దగ్గర ఒక ఊరు. పొలాలున్న పెద్ద కుటుంబం. భర్త పోయాడు. చివరి రోజుల్లో ఆయన్ని మిర్యాలగూడలో దవాఖానలో పెట్టినప్పుడు, పక్క మంచం ముసలామె వీళ్ళ కోసం కూడా కలిపి ప్రార్థన చేసిందట. భర్త బతకలేదు. కానీ ఆ ముసలామె ప్రార్థన చెవిలోనుంచి పోలేదని సుగుణమ్మ చెప్పింది. అడిగింది జరిగితే నమ్మేవాళ్ళను నేను చాలామందిని చూశాను. అడిగింది జరగకపోయినా నమ్మిన మనిషిని ఆమెనే చూశాను.

భర్త అన్న రాఘవరెడ్డి ఆ ఇంటి పెద్ద. మరదల్ని, ఆమె కూతుర్ని తన ఇంట్లోనే పెట్టుకుని ఏ లోటూ లేకుండా చూసుకున్నాడు. ఒకసారి నేను సుగుణమ్మను అడిగాను, ఇంట్లో కష్టంగా ఉందా అమ్మా అని. ఆమె నవ్వింది.

"నాకేం తక్కువ లేదు పాస్టరుగారు గీ ఇంట్ల. గదే నా భయం. కష్టముంటే దేవుడు యాదికుంటడు. గిట్ల కడుపు నిండి కూసుంటే ఎన్ని రోజులు యాదికుంటడో."

ఆ మాట నేను ప్రసంగాల్లో వాడుకున్నాను. ఎవరన్నారో చెప్పకుండా. బాగుందని అందరూ మెచ్చుకున్నారు.

బోనాలనాడు సుగుణమ్మ ఇంటిల్లిపాదికీ వండేది, బోనానికి కావలసినవన్నీ అమర్చేది, మొక్కే వేళకు మాత్రం పక్కకు జరిగి నిలబడేది. అత్త గమనించింది. చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు. సుగుణమ్మ ఎదురు చెప్పలేదు, గొడవ పడలేదు, అత్త కాళ్ళు ఒత్తడం మానలేదు, పక్కకు జరిగి నిలబడడమూ మానలేదు.

కాలువకు నీళ్ళొదిలిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమెకు బాప్తిస్మం ఇచ్చాను. నీళ్ళల్లో సలోమి ఒక చెయ్యి పట్టుకుంది. మాధవి గట్టు మీద పొడిబట్టతో నిలబడింది, అప్పటికి ఇంటర్ చదువుతోంది. ఇంకెవరూ లేరు. ఎవరికీ చెప్పొద్దని సుగుణమ్మే అంది. "మా బావ ఏమనడు. అత్తమ్మ తట్టుకోలేదు. ముసలిపాణం" అంది. తర్వాత కొన్నాళ్ళకు ఆ అత్త పోయింది. అయినా సుగుణమ్మ చెప్పలేదు. ఎందుకమ్మా అంటే, "ఇగ దాచుడు అలవాటైపోయింది" అంది. ఆమె కూడా భయపడింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆమెను దేవతను చేసి నేను చిన్నవాణ్ణై తప్పించుకోవాలని లేదు. ఆమె మామూలు మనిషి. కాకపోతే తన భయాన్ని ఎక్కడ దింపాలో ఆమెకు తెలిసింది.

ఈలోగా రాఘవరెడ్డి నన్ను చూడడానికి వచ్చాడు. మరదలు ఎవరి దగ్గరికి పోతోందో తెలుసుకోవాలని వచ్చినట్టున్నాడు. ఆరాధన అయ్యేదాకా చివర్లో కూర్చుని విన్నాడు. పోయేటప్పుడు, మా ఇంటికి రాండ్రి అన్నాడు. వెళ్ళాను. అరుగు మీద కుర్చీ వేయించాడు. తను తాగే కప్పుల్లోనే నాకూ చాయ తెప్పించాడు. నేను అలవాటుకొద్దీ పటేలా అంటే, "గట్ల అనకున్రి, మీరు చదువుకున్నోళ్ళు" అన్నాడు.

ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. ఇది దేవుడు చేసిన మేలు అనుకున్నాను. కావచ్చు కూడా. దేవుడిచ్చినదాన్నే దేవుడికంటే గట్టిగా పట్టుకోవడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకు తెలియదు. కోతలైనప్పుడల్లా వాళ్ళ మిల్లునుంచి మా ఇంటికి సన్నబియ్యం వచ్చేవి. మా సందులో ఎవరో మైకు శబ్దం గురించి తగాదాకు వస్తే రాఘవరెడ్డి ఒక్క ఫోను చేశాడు, తగాదా పోయింది. వాళ్ళ ఊళ్ళో మా విశ్వాసులు ఎండలో కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నారని తెలిసి, రోడ్డు పక్కన తన జాగా చూపించి షెడ్డు వేసుకోమన్నాడు. స్తంభాలు లేచాయి. ఆ దారిన పోయేవాళ్ళకు నేను చెయ్యెత్తి చూపించేవాణ్ణి, అదిగో మన మందిరం అని. మన అన్నానా, నా అన్నానా? ఇప్పుడు గుర్తు లేదు.

అప్పుడే సుగుణమ్మకు జబ్బు బయటపడింది. కడుపులో కాన్సరు. హైదరాబాదు తీసుకుపోయారు, తీసుకొచ్చారు. ఒకరోజు నేనూ సలోమీ చూడడానికి వెళ్ళాం. మనిషి సగమైంది. మాధవి పక్కనే కూర్చుని ఆమె పాదాలు రాస్తోంది. గదిలో ఇంకెవరూ లేరు.

"ఒక్కటి అడుగుత పాస్టరుగారు" అంది. "నన్ను కాలనియ్యకున్రి. మట్టిల పెట్టున్రి."

"దేవుడికి మట్టైనా, నిప్పైనా ఒకటేనమ్మా" అన్నాను.

"దేవునికి ఒకటే. నాకు తెల్సు. మా ఆయన గాడ్నే కాలిండు, మా అత్త గాడ్నే కాలింది. దాని మీద నాకేం లేదు. కాని నేను ఎవరి మనిషినో బతికుండంగ నోరిప్పి చెప్పలేకపోయిన. పోయినంకనన్న తెల్వాలె. నా శవమన్న చెప్పాలె."

నేను మాటిచ్చాను. ఆమె చెయ్యి పట్టుకుని ఇచ్చాను. తేలికగా ఇచ్చాను. మాట ఇచ్చేటప్పుడు అది బరువుగా ఉండాలని, తేలికగా ఉంటే అనుమానించాలని ఇప్పుడు తెలుసు.

ఒక పొద్దున మాధవి ఫోను చేసింది. ఏడుపు లేదు గొంతులో. "అమ్మ పోయింది సార్. పెద్దనాయినకు నేను చెప్పిన, అమ్మను మట్టిల పెట్టాలని. మీరు జల్ది రాండ్రి" అంది.

మేం వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. సుగుణమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. బంధువుల్లో ఒకాయన, పిల్లకు మతి చెడగొట్టిండ్రు అంటున్నాడు. ఇంకొకాయన, ఇంటి పరువు అంటున్నాడు. రాఘవరెడ్డి చెయ్యెత్తాడు. అందరూ ఊరుకున్నారు. నన్ను అరుగు మీదికి పిలిచాడు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. మాధవి తల్లి తలదగ్గరనుంచి లేచి వచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఆమె ముఖంలో భయం లేదు. నేను వచ్చేశాను కదా అన్న ధీమా. ఆ ముఖం నేను మరిచిపోలేదు.

రాఘవరెడ్డి నిదానంగా అడిగాడు. "పాస్టరుగారు, మా మరదలు మీ ప్రార్థనకు వచ్చేదని నాకు తెల్సు. కారిచ్చి పంపింది నేనే. నేనడిగేది అది కాదు. బాప్తిస్మం తీసుకున్నదని పిల్ల అంటున్నది. మట్టిల పెట్టమన్నదట. మీరిచ్చిన్రా బాప్తిస్మం?"

చుట్టూ ఉన్న ముఖాలు చూశాను. వాకిలి దాటి రోడ్డు కనబడుతోంది. రోడ్డు అవతల స్తంభాలు కనబడుతున్నాయి. అప్పుడు నేనేమాలోచించానని చాలాసార్లు వెతుక్కున్నాను. ఊరు రెండుగా చీలుతుందని ఆలోచించానా? మా వాళ్ళ మీద కోపం మళ్ళుతుందని భయపడ్డానా? అదే అనుకోవాలని ఎన్నో ఏళ్ళు ప్రయత్నం చేశాను. నిజం అంత పెద్దది కాదు. ఈయన ఇక నన్ను ఇట్లా చూడడేమో అనుకున్నాను. ఈ కుర్చీ ఇక వేయరేమో అనుకున్నాను. అంతే. అంత చిన్నది.

"లేదు పటేలా" అన్నాను.

ఆయన వద్దన్నాక కొన్నేళ్ళుగా ఆ పిలుపు నా నోట రాలేదు. ఆరోజు దానంతట అదే వచ్చింది. వినయంగా, తల వంచుకుని.

"ప్రార్థనకు వచ్చేది. మంచి మనిషి. బాప్తిస్మం మాత్రం ఇయ్యలేదు."

మాధవి మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత అంది, "అబద్ధం ఎందుకు చెప్తున్నరు సార్? నేను గట్టు మీద లేనా? అమ్మ తల తుడిచింది నేను కాదా?"

నేను లేచాను. మెట్లు దిగాను. ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టాను. ఎంతోమందిని ఓదార్చిన గొంతుతో, ఏ మాత్రం వణకకుండా అన్నాను, "దుఃఖంల ఉన్నవ్ బిడ్డా. తల్లి మీద ప్రేమ ఉన్నప్పుడు మనసుకు గట్లనే అనిపిస్తది."

మాధవి నా చెయ్యి పట్టుకుని తలమీదనుంచి తీసి పక్కకు వదిలేసింది. కోపంగా కాదు. దారికి అడ్డమున్న వస్తువును తీసినట్టు. తర్వాత సలోమి వైపు చూసింది. సలోమి నా వైపు చూసి తల దించుకుంది.

"ఇగ ఊకో బిడ్డా" అన్నాడు రాఘవరెడ్డి. ఆ గొంతులో కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది. శవం ముందు తన ఇంటి పిల్ల అబద్ధమాడిందన్న సిగ్గు.

పనులు మొదలయ్యాయి. సుగుణమ్మకు కొడుకులు లేరు, రాఘవరెడ్డి కొడుకు నిప్పు పట్టుకున్నాడు. నేను చివరిదాకా వెళ్ళలేదు. రోడ్డు మీద నిలబడ్డాను. పొగ లేచినప్పుడు ప్రార్థన చేద్దామనుకున్నాను. ఏమని చేయాలి? దేవుడు బూడిదలోనుంచైనా తనవాళ్ళను లేపుకోగలడు, అందులో నాకు సందేహం లేదు. సుగుణమ్మ గురించి నాకు భయం లేదు. కానీ ఆమె జీవితమంతా చెప్పలేక దాచుకున్న ఒకే ఒక సాక్ష్యాన్ని నా చేతికిచ్చి పోయింది. నేను దాన్ని నిప్పులో వేశాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సలోమి కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. మిర్యాలగూడ దగ్గర పడ్డాక అడిగింది.

"అదేంటండీ, అలా అన్నారు? నీళ్ళల్లో చెయ్యి పట్టుకుంది నేనే కదా."

"నిజం చెప్తే ఊరు ఊరంతా లేచేది. షెడ్డు ఆగిపోయేది. మన వాళ్ళ కోసమే చెప్పిన" అన్నాను.

"మన వాళ్ళెవరండీ?" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ విషయం ఎత్తలేదు. కానీ ఆ రోజునుంచి నేను వాక్యం చెబుతున్నప్పుడు ఆమె నా ముఖం చూడడం మానేసింది. బైబిలు తెరిచి ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూసేది.

షెడ్డు పూర్తయింది. ప్రతిష్ఠనాడు రాఘవరెడ్డి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నేను నమ్మకత్వం మీద ప్రసంగించాను. చాలా బాగా చెప్పాను. అబద్ధం చెప్పాక నా మాటకు బలం తగ్గుతుందని, నాలుక తడబడుతుందని, దేవుడు నన్ను ఆపుతాడని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. సంఘం పెరిగింది. సూర్యాపేటలో పెద్ద సంఘం పిలిచింది. ఇల్లిచ్చారు, కారిచ్చారు. నా కొడుకు మంచి ఉద్యోగంలో కుదిరాడు. శిక్ష రాకపోవడమే నాకు అన్నిటికంటే భయం కలిగించింది. దేవుడు నన్ను వదిలేశాడా, ఓర్చుకుంటున్నాడా? రెండిట్లో ఏదో తెలియకుండానే ప్రతి ఆదివారం స్టేజీ ఎక్కాను. ప్రభువు ఎవరో తనకు తెలియదని చలిమంట దగ్గర బొంకిన శిష్యుడి భాగం వచ్చినప్పుడల్లా వేరే సహోదరుడికి ప్రసంగం అప్పగించేవాణ్ణి.

మాధవి సంగతి అక్కడా ఇక్కడా వినేవాణ్ణి. తల్లి శవం ముందు అబద్ధమాడిన పిల్ల అని ఊళ్ళో పేరు పడింది. పెదనాన్న ఆమె చదువు మాన్పించలేదు, తిండికి లోటు చేయలేదు, కానీ మాట తగ్గించాడు. ఆమె డిగ్రీ అయ్యాక బీఈడీ చదివి, కోదాడలో ఒక ప్రైవేటు బడిలో చేరింది. తనతో పనిచేసే అతన్ని పెళ్ళి చేసుకుంది. ఇంటినుంచి ఎవరూ వెళ్ళలేదట. ఏ మందిరానికీ పోవడం లేదని కూడా విన్నాను.

ఇంతవరకు విన్న మీరు, ఆరోజు భయపడ్డాడులే అనుకోవచ్చు. నేను కూడా అట్లాగే సర్ది చెప్పుకున్నాను. రెండోసారి ఏమైందో వినండి.

కొన్నేళ్ళకు రాఘవరెడ్డికి గుండె జబ్బు చేసింది. సూర్యాపేటలో ప్రైవేటు దవాఖానలో చేర్చారు. నేను ఆ ఊళ్ళోనే ఉన్నానని తెలిసి కబురు పెట్టాడు. వెళ్ళాను. గదిలో ఉన్న కొడుకును చాయ తాగి రమ్మని బయటికి పంపాడు. పిల్లల గురించి అడిగాడు. తర్వాత అన్నాడు.

"ఒక మాట నా మనసుల ఉండిపోయింది పాస్టరుగారు. ఆనాడు మీరు అవునంటే నేను మట్టిలనే పెట్టేటోణ్ణి. మా బోరు మోటరు దగ్గర చింతచెట్టు కింద జాగా కూడ అనుకున్న. మా మరదలు నన్నెన్నడు ఏదీ అడగలె. గా ఒక్కటి అడిగిందంటే ఇయ్యకపోదునా? అందుకే నలుగురిల అడిగిన. మీరు లేదన్నరు. పిల్ల మీద నా మనసు విరిగింది. ఇప్పుడు పండుకుంటే, పిల్ల ఎందుకు అబద్ధమాడతది అనిపిస్తున్నది. చెప్పున్రి. ఏమనుకోను."

చూశారా? నేను దేనికి భయపడి అబద్ధం చెప్పానో అది అసలు లేనే లేదు. ఎదుటివాడు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు, నేను తాళం వేసి ఉందని వెనక్కి తిరిగాను. ఇప్పుడు మళ్ళీ తీశాడు. గదిలో మేమిద్దరమే. షెడ్డు ఎప్పుడో పూర్తయింది. ఆయన వల్ల నాకు వచ్చేది లేదు, పోయేది లేదు. ఒక్క అవును. ఒక పిల్లను తన పెదనాన్న దగ్గరికి చేర్చే మాట.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "మనసు పరేషాన్ చేసుకోకున్రి. ప్రార్థన చేస్త" అన్నాను.

ప్రార్థన చేశాను. ఆయన కళ్ళు మూసుకోలేదు. నన్నే చూస్తూ ఉన్నాడు. ఆ చూపులో ఆయనకు అర్థమైందో లేదో నాకు తెలియదు. కొద్దిరోజులకే పోయాడు. మొదటిసారి భయం అనుకుందాం. రెండోసారి ఏమిటి? మంచివాడన్న పేరు. ఆయన ఒక్కడి కళ్ళల్లో కూడా దాన్ని పోగొట్టుకోలేకపోయాను. దేవుడు చూస్తున్నాడని నమ్మే మనిషిని, చావబోతున్న ఒక మనిషి చూపుకు సిగ్గుపడ్డాను.

సలోమి కిందటేడాది పోయింది. తనవాళ్ళ దగ్గర పెట్టమని అడిగింది కాబట్టి కోదాడ తీసుకుపోయాం. అక్కడి క్రైస్తవుల సమాధుల తోటలో, వాళ్ళ అమ్మా నాన్నల పక్కన. పెట్టె దించారు. అందరూ ఒక్కొక్క పిడికెడు మట్టి వేస్తున్నారు. అందరి తర్వాత ఒకామె వచ్చింది. మాధవి. జుట్టు అక్కడక్కడ నెరిసింది. వంగి మట్టి తీసుకుని మెల్లగా వదిలింది. నా పక్కనుంచి పోతూ ఆగింది.

"ఆంటీకి మట్టి దొరికింది" అంది. నాకు మాత్రమే వినబడేంత చిన్నగా. ఎగతాళి లేదు అందులో. సంతోషమే ఉందేమో కూడా. అదే నన్ను కోసింది.

ఆ తర్వాత నాకు ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం కోదాడ వెళ్ళి, అడిగి తెలుసుకుని మాధవి ఇంటికి పోయాను. లోపలికి రమ్మంది. మంచినీళ్ళిచ్చింది. నేను కూర్చోకుండానే చెప్పాను. ఆరోజు అబద్ధం చెప్పాను బిడ్డా. మీ పెద్దనాయిన దవాఖానలో అడిగితే మళ్ళీ దాచాను. తప్పు చేశాను.

రాఘవరెడ్డి అడిగిన సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"పెద్దనాయిన అడిగిండా?" అంది.

"అడిగిండు."

"నేను అబద్ధమాడలేదేమో అన్నడా?"

"అన్నడు."

కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఇంకేదో అనబోయాను. క్షమించమనబోయానేమో. ఆమె ఆపింది.

"నాకెందుకు చెప్తున్నరు సార్? నాకు తెల్సిందే కదా. తెల్వనోళ్ళకు చెప్పున్రి."

తలుపు దాకా కూడా రాలేదు.

ఆ వారమే ఆ ఊరు వెళ్ళాను. రాఘవరెడ్డి భార్య ఉంది, ముసలామె అయింది. కొడుకు ఉన్నాడు. కోడలు, ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. కూర్చోమన్నారు, కూర్చోలేదు. నిలబడే చెప్పాను. సుగుణమ్మ బాప్తిస్మం తీసుకుంది, నేనే ఇచ్చాను, మట్టిలో పెట్టమని నన్ను కూడా అడిగింది, మాధవి చెప్పింది నిజం. చెప్పేటప్పుడు నా గొంతు వణికింది. పదిహేనేళ్ళ కింద వణకని గొంతు.

కొడుకు తన అరచేతులు చూసుకున్నాడు. "చిన్నమ్మకు నిప్పు పెట్టింది నేను" అన్నాడు. లేచి పొలం వైపు వెళ్ళిపోయాడు. అతన్ని కూడా నా అబద్ధంలోకి లాగానని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇన్నేళ్ళ లెక్కలో అతను లేడు.

ముసలామె ఎవరితోనో చెబుతున్నట్టు, "గా పిల్ల పెండ్లికి కూడ మేం పోలె" అంది. మళ్ళీ కొంచెంసేపటికి, "పోలె" అంది.

నేను బయటికి వచ్చాను. ఎవరూ పొమ్మనలేదు, ఉండమనలేదు.

కిందటి ఆదివారం మా సంఘంలో చెప్పాను. కొందరు ఏడ్చారు. ఒక పెద్దాయన వచ్చి నన్ను కావలించుకుని, దేవుడు ఎప్పుడో క్షమించేశాడు అయ్యగారూ, మరిచిపోండి అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆయన ఎవరి తరఫున మరిచిపొమ్మంటున్నాడు? రాఘవరెడ్డి లేడు. మాధవి క్షమించలేదు, క్షమించమని అడిగే హక్కు కూడా నాకివ్వలేదు. దేవుడు ఏమన్నాడో నాకు వినబడలేదు. వినబడిందని చెప్పుకుంటే అది మూడో అబద్ధం అవుతుంది. రెండు మూడు కుటుంబాలవాళ్ళు ఇక రామన్నారు. వాళ్ళే సరిగ్గా విన్నారేమో అనిపించింది.

నా పేరు ఇక్కడ రాయలేదు. తెలియాల్సినవాళ్ళకు తెలిసింది. మీకు తెలియాల్సింది నా పేరు కాదు. తెలియనివాళ్ళకు చెప్పమని మాధవి అంది, అందుకే రాస్తున్నాను. రాస్తుంటే ఏదో తేలికైనట్టుంది. అది క్షమాపణ కాదని నాకు తెలుసు. పట్టుకుని పట్టుకుని తిమ్మిరెక్కిన చెయ్యి తెరిస్తే ఎట్లుంటుందో అట్లా ఉంది. నొప్పి ఇప్పుడే తెలుస్తోంది.

నిడమనూరు దగ్గర ఒక ఊళ్ళో సుగుణమ్మ అనే ఆమె ఉండేది. ఏ లోటూ లేని ఇంట్లో ఉండి ప్రభువును నమ్ముకుంది, చివరిదాకా వదలలేదు. కాలువ నీళ్ళల్లో ఆమెకు బాప్తిస్మం ఇచ్చింది నేను. ఆమె కూతురు చెప్పిందే నిజం. అబద్ధం నాది.

ఇప్పుడు మీకూ తెలుసు.